మొదటి పాట ఇంటివాళ్లది

మా నంద్యాల చర్చిలో కానుక సంచి నా ముందు ఆగినప్పుడల్లా నాకు ఇబ్బందే. ఇవ్వడానికి మనసొప్పక కాదు, అప్పటికే ఇచ్చేసి ఉంటాను కాబట్టి. పింఛను పడిన వారంలోనే చర్చి గుమ్మం పక్కన అంటించిన స్కానర్‌కి ఫోను చూపించి నా కానుక పంపేస్తాను. ఆ సంగతి నాకూ దేవుడికీ బ్యాంకుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం పాట మధ్యలో పొడుగు కర్రకి కట్టిన ముఖమల్ సంచి బెంచీల వెంట వచ్చి నా గడ్డం కింద ఆగుతుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి తల తిప్పడు గానీ కంటి కొసతో చూస్తాడు. నా చేయి ఉత్తదే అని తెలిస్తే ఆయన పాట ఒక్క క్షణం తడబడుతుంది. అందుకని ఇప్పుడు జేబులో పది రూపాయల నోటొకటి మడిచి పెట్టుకుని వెళ్తున్నాను. దేవుడి కోసం ఫోను, పక్కాయన కోసం పది రూపాయలు. ఈ వయసులో కూడా నాకు ఈ ముచ్చట తీరలేదు.

నేను పుట్టింది డోన్‌లో. మా నాయన రైలు పట్టాల మీద పనిచేసేవాడు. నేనూ రైల్వేలోనే చేరి, ఉద్యోగమంతా టికెట్ కిటికీ వెనక గడిపాను. ఆ కిటికీ మనిషిని ఒక రకంగా తయారుచేస్తుంది. అవతలి నుంచి ఒక చేయి వస్తుంది, డబ్బు పెడుతుంది, టికెట్టూ చిల్లరా తీసుకుని వెళ్లిపోతుంది. మొహం చూడాల్సిన పని లేదు. ఇచ్చినదానికి సరిపడా వస్తే లోకం సవ్యంగా ఉన్నట్టు, లేకపోతే తగువు. ఇంట్లోనూ నేను అలాగే ఉండేవాణ్ణి. కూరగాయలవాడితో కొత్తిమీర కట్ట కోసం కొట్లాడిన రోజులున్నాయి. కొసరు వేయకపోతే నాకు అన్నం సయించేది కాదు.

నా భార్య ఆళ్లగడ్డ మనిషి. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పెళ్లయిన మొదటి నెల జీతం కవరు తెచ్చి ఆమె చేతికిస్తే, కవరు చింపి, ముందు పదోవంతు తీసి బైబిలు పక్కన పెట్టింది. బియ్యం లేదు, అద్దె లేదు, ముందు అది.

"ముందు ఇల్లు గడవనీ. నెలాఖరున ఏం మిగిలితే అది ఇద్దాం" అన్నాను.

"మిగిలింది కుక్కకేస్తాం గానీ దేవునికిస్తామా?" అంది, తలెత్తకుండానే.

ఆళ్లగడ్డవాళ్ల మాట తీరే అంత. మెత్తగా చెప్పడం రాదు. మా డోన్ వాళ్లు మాత్రం మెత్తన అని కాదు, కానీ పెళ్లయిన నెలకే ఇంత గట్టిగా పడుతుందని నేను అనుకోలేదు. అప్పటినుంచి ప్రతి నెలా ఆ పదోవంతు నా కళ్ల ముందే పక్కకి వెళ్లేది. నేను దాన్ని జరిమానా కట్టినట్టు కట్టాను. బుద్ధి మారిందని చెప్పను. అలవాటయింది, అంతే. పన్ను నొప్పికి కూడా మనిషి అలవాటు పడతాడు కదా.

నాలో నిజంగా కదలిక వచ్చింది ఒక స్కూటరు వల్ల. వచ్చిన స్కూటరు కాదు, రాని స్కూటరు. దానికోసం ఇద్దరం చాలా కాలం కూడబెట్టాం. ఆ ఏడు ఆళ్లగడ్డలో వాళ్ల చర్చి వెనకున్న కాలనీకి బోరు వేయించాలని సంఘం అనుకుంది. ఎండాకాలం. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎక్కడెక్కడికో పోతున్నారు. నా భార్య స్కూటరు డబ్బులు మొత్తం తీసి పంపేసింది. నాకు చెప్పింది, అడగలేదు. నేను ఆమెతో మాట్లాడ్డం మానేశాను. నడిచే స్టేషనుకి పోయేవాణ్ణి, ఆమెకి వినబడేలా చెప్పులు ఈడ్చుకుంటూ. కొన్నాళ్లకి ఏదో పెళ్లికని ఆళ్లగడ్డ వెళ్లాం. నన్ను పనిగట్టుకుని ఆ బోరు దగ్గరికి తీసుకుపోయింది. పంపు దగ్గర ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నారు, మామూలుగానే. ఒక ముసలమ్మ గ్లాసు నిండా నీళ్లు పట్టి, "తాగప్పా, చల్లగుంటాయి" అంది. ఆ నీళ్లు మాకు సంబంధించినవని ఆమెకి తెలియదు. కాస్త ఉప్పగా ఉన్నాయి. అయినా నేను రెండో గ్లాసు అడిగి తాగాను. ఇవ్వడంలో సుఖం ఉంటుందని అందరూ ప్రసంగాల్లో చెబుతుంటే నవ్వుకునేవాణ్ణి, ఆ రోజు ఆ పంపు దగ్గర నాకే తెలిసొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమెతో మాట్లాడాను.

ఇక్కడ ఆళ్లగడ్డ చర్చి కోత పండుగ గురించి చెప్పాలి. శనగ చేలు పీకి, మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజుల్లో వస్తుంది. ఎవరింట్లో ఏం పండితే అది, ఎవరి చేత్తో ఏం చేస్తే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, పుంజులు, బెల్లం, కోడిగుడ్లు, కుట్టిన దిండు గలీబులు, అన్నీ. ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిట్లో వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి. వస్తువు ధరకీ పాటకీ సంబంధం ఉండదు. ఒక్కో గుమ్మడికాయ మేక ధర పలుకుతుంది. ఇదంతా చాలా చోట్ల ఉంది. ఆళ్లగడ్డ చర్చిలో మాత్రం దీనికొక కట్టుబాటు ఉంది. మొదటి ధర పలకడాన్ని వాళ్లు పాట ఎత్తుకోవడం అంటారు. ఆ పాట ఎత్తుకోవాల్సింది తెచ్చిన మనిషి ఇంటివాళ్లే. భార్య తెస్తే భర్త, తల్లి తెస్తే కొడుకు, అక్క తెస్తే తమ్ముడు. ఇంటివాళ్లు ఎత్తుకునేదాకా బయటివాళ్లు నోరు తెరవరు. తెరిస్తే ఆ ఇంట్లో మనుషుల్లేరని ఎత్తిచూపినట్టు. అది వాళ్ల మర్యాద. వేలం వేసే సంఘ పెద్ద ప్రతి వస్తువూ పైకెత్తి "ఇంటోళ్లు ఎత్తుకోండప్పా" అని ఒక కేక వేస్తాడు, అక్కడినుంచి పాట మొదలు.

పెళ్లయిన ఏడు నాకు ఇవేవీ తెలియవు. మా డోన్ చర్చిలో వేలం పాటే లేదు. నా భార్య వాళ్ల చేలో పండిన శనగల మూట తెచ్చి పెట్టింది. పెద్దాయన మూట ఎత్తి కేక వేశాడు. పందిరి మొత్తం నావైపు తిరిగి చూసింది. కొత్త అల్లుణ్ణి కదా, కొత్త చొక్కా వేసుకున్నాను కదా, అందుకే చూస్తున్నారనుకుని కొంచెం నవ్వి కాలర్ సవరించుకున్నాను. ఎవరూ పలకరు. నా భార్య తల వంచుకుంది. చివరికి మా మామ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. అంటే పిల్ల ఇంకా పుట్టింటి మనిషే అన్నమాట. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు నన్ను ఏడిపించారో చెప్పలేను. కనబడితే చాలు, "ఏమల్లుడా, మా పిల్లను తీస్కపోయినావా, ఇంకా ఈడనే ఉండాదా?" అని. ఇంటికొచ్చాక నా భార్య, "కాలర్ సవరిస్తాండావ్, ఏందీ నీకు ఫోటో తీస్తాండారనుకుంటివా?" అని కడుపుబ్బ నవ్వింది.

మరుసటి ఏటినుంచి నేను మరిచిపోలేదు. ఆమె ఏం తెచ్చినా పెద్దాయన కేక ముగియకముందే లేచి పాట ఎత్తుకునేవాణ్ణి. నా మొదటి ధర మాత్రం ఎప్పుడూ పిసినారి ధరే. పందిరంతా గొల్లుమనేది. ఆమె కూడా నవ్వేది. అలా చాలా ఏళ్లు గడిచాయి. మాకు పిల్లలు లేరు. ఆళ్లగడ్డలో మామా అత్తా పోయారు, తర్వాత బావమరిది పోయాడు. మేమిద్దరమే ఏడాదికోసారి నంద్యాల నుంచి బస్సెక్కి పోయి వచ్చేవాళ్లం.

ఆమె పోయి మూడేళ్లవుతోంది. మామూలు జ్వరమని మొదలై, కిడ్నీల దాకా పోయి, వానాకాలం ముగిసేలోపు అంతా అయిపోయింది.

ఆ తర్వాత నేను బాగా ఇవ్వడం మొదలుపెట్టాను. పదోవంతు పోయి ఐదోవంతు అయింది, కొన్ని నెలలు అంతకన్నా ఎక్కువే. నా ఉదారత పెరిగిందో, ఖర్చు తగ్గిందో నాకే తెలియదు. ఒక్కడికి ఎంత కావాలి? పొద్దున ఒక్కసారి అన్నం వండి రెండు పూటలా తింటాను. కొత్తిమీరకి కొట్లాడ్డానికి కూడా ఓపిక లేదు, వాడు ఎంత చెబితే అంత. ఆమె చివరిదాకా నేర్పాలని చూసింది ఇదే కాబట్టి ఆమె పాఠం ఒప్పజెబుతున్నట్టు ఇస్తూ పోయాను. ఫలానా ఇంటి అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాలని మా పాస్టరు అయ్యగారు చెబితే కట్టాను. పేరు చెప్పొద్దన్నాను. ఆదివారం ప్రకటనల్లో అయ్యగారు "ఒక విశ్వాసి ద్వారా దేవుడు ఆ అవసరం తీర్చాడు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఆరాధన అయ్యాక ఆ ఒక విశ్వాసి చెప్పులేసుకుని, గేటు దగ్గర ఎవరైనా పలకరిస్తారేమోనని కాసేపు నిలబడి, ఇంటికి వచ్చి తాళం తీసుకున్నాడు.

పేరు చెప్పొద్దన్నది నేనే. తెలుసు. అయినా ఉక్రోషం వచ్చింది. నాకు పొగడ్త అక్కర్లేదు. ఆ అమ్మాయి ఒకసారి ఇంటికొచ్చి, "తాతా, కాలేజీలో చేరినాను" అని చెబితే బాగుండు అనిపించింది. ఎలా వస్తుంది? ఎవరిచ్చారో తెలిస్తే కదా. నేను మళ్లీ కిటికీ వెనకే కూర్చున్నాను, ఈసారి డబ్బు నా వైపు నుంచి బయటికి పోతోంది, అంతే తేడా. ఒంటరితనానికి భయపడే రకం కాదు నేను అని చాలామందితో అన్నాను. అబద్ధం. సాయంత్రం మసక పడేటప్పుడు లైటు వేయాలంటే నాకు భయం, వేస్తే ఇంట్లో ఎవరూ లేరని కనిపిస్తుంది కాబట్టి.

ఈ ఏడు కోత పండుగ ముందర ఆళ్లగడ్డ సంఘ పెద్ద ఫోను చేశాడు. ఆమె పోయాక నేను ఆ పండుగకి పోలేదు. ఆ పెద్దాయనకి ఇప్పుడు బాగా వయసైపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏమల్లుడా, ఆయమ్మ పోతే మేం కూడా పోయినట్టేనా? ఈ తూరి రావాల."

"వస్తాలే మామా. కవరు తీసుకొస్తా."

"కవరు ఎవునికి కావాల? దుడ్లు ఎత్తి చూపిచ్చి వేలం ఎట్ల పాడతాం? నీ చేత్తో చేసింది ఏదన్నా తీస్కరా."

నా చేత్తో చేసింది! ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టాను, వాటిని వేలం వేస్తారా? ఇల్లంతా చూశాను. పెరట్లో ఆమె పెట్టిన నిమ్మచెట్టు ఉంది. నేను నీళ్లు పోయడం తప్ప ఏమీ చేయకపోయినా విరగకాసి, కాయలు రాలి కుళ్లుతున్నాయి. సరే, ఊరగాయ పెడదామనుకున్నాను. కాయలు కోసి, తుడిచి, ముక్కలు తరిగాను. ఉప్పూ పసుపూ వేసి ఊరనిచ్చి, తర్వాత కారం, మెంతిపిండి కలిపాను. తాలింపు వేస్తూ ఇల్లంతా పొగ చేసి దగ్గాను. ఉప్పు ఎక్కువైందని నాకే తెలుస్తోంది. కానీ చేస్తున్నన్నాళ్లూ పొద్దు ఎలా పోయిందో తెలియలేదు. బజారుకి పోయి మూత గట్టిగా పట్టే జాడీ ఒకటి కొన్నాను. చాలా రోజుల తర్వాత నాది కాని నోటి కోసం వంట చేశాను.

పండుగ రోజు పొద్దున్నే జాడీని సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక రెండు పక్కలా శనగ చేలు పీకేసి బోడిగా ఉన్నాయి. ఆళ్లగడ్డ దగ్గరపడుతుంటే రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే షెడ్లు, రాతి దుమ్ము. ఎప్పుడూ కిటికీ పక్క సీటు ఆమెది. ఈసారి నేను కూర్చున్నాను. ఎండ నేరుగా మొహం మీద కొట్టింది.

చర్చిలో అందరూ ఆప్యాయంగానే పలకరించారు. "వచ్చినావా అల్లుడా" అని చేతులు పట్టుకున్నారు. జాడీ తీసుకెళ్లి గుమ్మడికాయల పక్కన పెట్టాను. ఆరాధన అయ్యాక పందిట్లో వేలం మొదలైంది. ఆ రోజు నేను డబ్బు బాగా తెచ్చుకున్నాను, జేబు నిండా. ఎవరి వస్తువుకి వాళ్ల ఇంటివాళ్లు పాట ఎత్తుకోగానే నేను అందుకున్నాను. జొన్నలకి పాడాను, కోడిపుంజుకి పాడాను, ఒక చిన్న బెల్లం దిమ్మకి ఎంత పాడానంటే బెల్లం తెచ్చినావిడే నోరు తెరిచింది. "అల్లుడు మారిపోయినాడప్పో!" అని ఎవరో అరిచారు. పందిరి నవ్వింది. పాత రోజుల్లా అనిపించింది. ఆమె ఉంటే ఎంత సంబరపడేదో అనుకున్నాను. అంత హుషారులో ఉన్నాను కాబట్టే నా జాడీ వంతు వస్తే ఏమవుతుందన్న ఆలోచన రాలేదు.

పెద్దాయన నా జాడీ పైకెత్తాడు.

"నిమ్మకాయ ఊరగాయ! మన నంద్యాల అల్లుడు చేత్తో పెట్టినాడు. ఇంటోళ్లు ఎత్తుకోండప్పా!"

అన్నాక ఆయనకే తట్టింది. నాకూ అప్పుడే తట్టింది.

పందిరి చప్పబడిపోయింది. ఒక్కరు కూడా నన్ను చూడలేదు. మొదటి ఏడు అందరూ చూశారు, ఈసారి అందరూ చూపు తప్పించారు. వాళ్లకి నా మీద చిన్నచూపు లేదు. అక్కడున్నవాళ్లలో సగం మంది ఆ ఊరగాయకి ఎంతైనా పాడతారు. కానీ ముందు ఎవరో ఒకరు నా ఇంటిమనిషి లేవాలి. ఎవరికి వాళ్లు నాకెవరో ఉన్నారేమో, ఏ మూలనుంచో లేస్తారేమోనని నాకు గౌరవం ఇస్తూ కాచుకుని ఉన్నారు. ఆ గౌరవాన్ని నేను భరించలేకపోయాను. నాకు ఎవరూ లేరన్న సంగతి నాకు తెలుసు, కానీ అది ఒక పందిరి మొత్తం వింటుండగా వినడం వేరు. వాళ్లందరికీ ఆ పూట నేనిచ్చిన డబ్బు గుర్తే. అది ఒక్కరిని కూడా నా ఇంటిమనిషిగా చేయలేదు.

"సంఘం తరపున" అని పెద్దాయన తనే ఒక ధర చెప్పాడు. ఎవరూ లేనివాళ్లకి అలా చేస్తారు. వెనకటికి ఒక అనాథ ముసలాయన గంపకి అలా అనగా విన్నాను. ఆ తర్వాత నాలుగైదు గొంతులు గబగబా పాడాయి, కావాలని పెద్దగా. ఎవరో కొన్నారు. ఎవరో నేను చూడలేదు.

ఇక ఉండాలనిపించలేదు. భోజనానికి ఆగకుండా పోదామని వెనక్కి వచ్చి చెప్పులు వెతుక్కుంటున్నాను. అప్పుడు పెద్దాయన రెండు చీపుర్లు ఎత్తాడు. అడవి గడ్డితో కట్టినవి, పిడి దగ్గర నార బిగించి చుట్టి ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కోత పండుగకి చీపురు తేవడం నేనూ ఎప్పుడూ చూడలేదు.

"ఇయ్యి ఆత్మకూరు దిక్కునుంచి వచ్చిన మన చెల్లెలు కట్టుకొచ్చింది" అన్నాడు పెద్దాయన. "ఇంటోళ్లు..." అని అలవాటు కొద్దీ నోరు జారి, మధ్యలో ఆపేశాడు.

ఆమె వెనక గుంజ దగ్గర కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. మిరపకాయలు కోసే పనికి వచ్చి ఈ ఊళ్లోనే నిలిచిపోయిందని, కొత్తగా చర్చికి వస్తోందని, నా అనేవాళ్లు లేరని పొద్దున ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. మళ్లీ పందిరి చప్పబడింది. ఆమెకి ఈ ఊరి కట్టుబాటు తెలియదు. అందరూ ఎందుకు ఆగారో తెలియదు. అటూ ఇటూ చూసింది. తన చీపుర్ల వైపు చూసుకుంది. అవి ఎవరికీ పనికిరానివి అనుకున్నట్టుంది, మొహం ఎర్రబడి, చీర కొంగు సర్దుకుని, వాటిని వెనక్కి తీసుకుపోదామని లేచి ముందుకి రాసాగింది.

పెద్దాయన ఇంకో క్షణంలో సంఘం తరపున అనేవాడు. అది వినడం నాకు ఇష్టం లేదు. అప్పుడే నేను విని ఉన్నాను, దాని రుచి నాకు తెలుసు.

"వంద" అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. పందిరంతా వెనక్కి తిరిగింది.

పెద్దాయన చీపుర్లు దించి నన్ను తేరిపార చూశాడు. వెక్కిరింపు కాదు. అది వాళ్ల పద్ధతి. చుట్టరికం అందరికీ తెలిసిందైతే అడగరు, తెలియనిదైతే అడగాలి.

"అల్లుడా, ఇది ఇంటోళ్ల పాట. ఆయమ్మ నీకేమైతాది?"

డబ్బు గురించి అడిగితే ఎంతైనా చెప్పేవాణ్ణి. జేబులో ఇంకా ఉంది. ఆయన అడిగింది అది కాదు. నాకు పిల్లలు లేరని ఆ పందిట్లో ప్రతి మనిషికీ తెలుసు. ఆమె దారి మధ్యలో ఆగి, ఏం తప్పు జరిగిందోనని నా వైపు భయంగా చూస్తోంది.

"కూతురు" అన్నాను.

పెద్దాయన చీపుర్లు మళ్లీ పైకెత్తాడు. తర్వాత ముందు వరసలోంచి ఒక ముసలాయన, "మన అల్లునికి కూతురు పుట్టిందప్పో, పాడండి బేగా!" అని అరిచాడు. నవ్వులు, కేకలు, ఒకరి మీద ఒకరు పాట. ఆ చీపుర్లు ఎంతకి పోయాయో చెబితే ఎవరూ నమ్మరు. నేను రెండోసారి నోరెత్తలేదు. రెండో చెప్పు కోసం మళ్లీ వెతికాను. ఏం మాట అన్నాను, ఎవరితో అన్నాను, రేపు ఆమె నన్నేం అడుగుతుంది అని ఒకటే ఆలోచన. ఉన్న మాట చెప్పాలంటే, ఎలాగైనా బస్సు పట్టుకుని పారిపోవాలని ఉంది.

పోనివ్వలేదు. పాట ఎత్తుకున్నవాళ్లూ వస్తువు తెచ్చినవాళ్లూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. నన్ను చాప మీద కూర్చోబెట్టి విస్తరి వేశారు. కాసేపటికి ఆమె వచ్చి నిలబడింది. ఆడవాళ్లు ఆమెకి అంతా చెప్పి పంపినట్టున్నారు.

"ఈడ కూచుందునా?"

"కూచోమ్మా."

కూచుంది. ఇద్దరికీ అన్నం, పప్పు వడ్డించారు. ఆమె కొంచెం తిని, తల వంచుకునే మాట్లాడింది.

"చీపుర్లు తెచ్చినానని నగుతాండారేమో అనుకుంటి. నాకు యాడ తెలుసు ఈ పద్ధతి."

"నాకు కూడా మొదట తెలీదమ్మా. నేనూ ఈ ఊరోణ్ణి కాదు."

"నువ్వు పాట ఎత్తుకుంటే నేను మీ ఇంటి మనిషినంట కదా. ఆ అక్కోళ్లు చెప్తాండారు."

"అట్లనే అంటారు" అన్నాను. ఏం తోచనప్పుడు నాకు వచ్చిన పని ఒకటే. ఎడమ చేయి జేబులో పెట్టి, మిగిలిన నోట్లు కొన్ని తీసి, ఆమె విస్తరి పక్కన పెట్టాను. ఎప్పటిలాగే, మొహం చూడకుండా.

ఆమె వాటిని చూసి, నా వైపుకి తిరిగి తోసేసింది. కోపంగా కాదు.

"దుడ్లెందుకు నాయనా, పని చేస్తాండా కదా" అంది. "మన ఇల్లు యాడుండాది?"

నంద్యాలలో అన్నాను. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ సందులో తిరగాలో చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఇంటి దారి నేను ఎవరికైనా చెప్పి మూడేళ్లు దాటింది. సగంలో నాకు పొలమారింది. ఆమె నీళ్ల గ్లాసు నా ముందుకి జరిపి, అన్నంలో చేయి అలాగే ఉంచి, మిగతా దారి చెప్పేదాకా కాచుకుని కూర్చుంది.